అమ్మమ్మ దాటేసిన చోటు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. జనగామలో మా కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పేటప్పుడు బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాను. నా నడక చూసి వెనక బెంచీల వాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. కానీ ఆ సంవత్సరం నా తిరుగుడు మామూలు తిరుగుడు కాదు. ముప్పై రెండేళ్ళ వయసులో నాకు ఒక మనిషి నచ్చాడు. ఆ మనిషి నాకు బావ వరుస అవుతాడా, అన్న వరుస అవుతాడా అన్నది తేలక ఆరు నెలలు నిద్రా తిండీ సరిగ్గా లేవు.

ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో సర్వేయరు. కొలతల లెక్కలు సరిచూసే చిన్న ప్రోగ్రాం ఏదైనా రాసిస్తానేమో అడగడానికి, తెలిసినవాళ్ళ ద్వారా మా కాలేజీకి వచ్చాడు. మా దగ్గర కూరగాయలమ్మే ఆయన నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరినీ అన్నా అన్నా అనడం నాకు అలవాటు. ఆయన్నీ అట్లాగే పిలిచాను. నాలుగోసారి వచ్చినప్పుడు క్యాంటీన్‌లో చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, "జర నన్ను అన్నా అని పిలువకు," అన్నాడు. ఎందుకని అడిగేంత అమాయకురాలిని కాదు గనక ఊరుకున్నాను. అప్పటి నుంచి ఆయన్ని ఏమీ పిలవకుండా మాట్లాడటం నేర్చుకున్నాను.

సర్వే గురించి ఆయన చెప్పిన ఒక మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక రాయి దగ్గర మొదలుపెట్టి, కొలుచుకుంటూ కొలుచుకుంటూ గని చుట్టూ తిరిగి, మళ్ళీ అదే రాయి దగ్గరికి రావాలట. వచ్చినప్పుడు లెక్క కలవకపోతే మధ్యలో ఎక్కడో తప్పు జరిగినట్టు. ఎక్కడ జరిగిందో మాత్రం ఆ లెక్క చెప్పదు.

కులం, చదువు, ఉద్యోగం అన్నీ కుదిరాయి. మా అమ్మ ముఖం ఆ నెలంతా వెలిగిపోయింది. అవతలి ఇంటివాళ్ళు ఎవరని ఆరా తీసినప్పుడు ఆ వెలుగు ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ అబ్బాయి వాళ్ళ అమ్మ మరెవరో కాదు, మా తాతకు, అంటే అమ్మ తండ్రికి, సొంత చెల్లెలి కూతురు. ఎప్పుడో పొలం గట్టు దగ్గర గొడవపడి ఆ చెల్లెలి కుటుంబం భూపాలపల్లి వైపు వెళ్ళిపోయిందట. యాభై ఏళ్ళకు పైగా రాకపోకలు లేవు. మేనత్త కూతురు మా అమ్మకు వదిన. వదిన కొడుకు మేనల్లుడు. మేనల్లుడు నాకు బావ. ఇంతకంటే సుళువైన వరుస ఎక్కడుంటుంది? పోయిన చుట్టరికం మళ్ళీ కలుస్తున్నదని అమ్మ పక్కింటి వాళ్ళకు కూడా చెప్పేసింది.

నెల్లికుదురులో మా మామ దగ్గర ఉండే అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పాం. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. చుట్టుపక్కల ఎవరి ఇంట్లో సంబంధం కలుపుకున్నా ముందు ఆమె దగ్గరికొచ్చి వరుస అడిగిపోతారు. మహబూబాబాద్ నుంచి, మరిపెడ నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఎవరి తాతకు ఎవరి అవ్వ ఏమవుతుందో ఆమె నోటి మీద ఉంటుంది. అట్లాంటి మనిషి అంతా విని, "అన్న అయితడు," అన్నది.

అమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అమ్మమ్మ మళ్ళీ అదే మాట అన్నది. ఎట్లా అవుతాడని నేను ఫోన్ లాక్కుని అడిగితే, "ఒక్క తొవ్వల బావ అయితె ఇంకో తొవ్వల అన్న అయితడు బిడ్డా. వద్దు," అని ఫోన్ మామకు ఇచ్చేసింది. వయసు మీద పడి మతి తప్పుతున్నదని మామ నెమ్మదిగా అన్నాడు. కానీ అమ్మమ్మ కాదన్న పెళ్ళి మా ఇంట్లో ఇంతవరకూ జరగలేదు. అమ్మ పక్కింటి వాళ్ళకు కనబడకుండా పది రోజులు తిరిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో తొవ్వ అంటే ఏ తొవ్వ? మా వాళ్ళంతా ఒకరికొకరు పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళే కాబట్టి, ఇద్దరు మనుషుల మధ్య నాలుగైదు దారులుండటం అసాధ్యమేమీ కాదు. అట్లాగైతే ఆ దారులన్నీ తీసి చూపించాలి. సరిగ్గా అట్లాంటి పని చేసే ప్రోగ్రాం మీదే నేను పీహెచ్‌డీ చేస్తున్నాను.

దాని గురించి కొంచెం చెప్పాలి. మామూలు ప్రోగ్రాంలో కంప్యూటర్‌కి ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని చెబుతాం. లాజిక్ ప్రోగ్రామింగ్‌లో అట్లా చెప్పం. తెలిసిన నిజాలు రాస్తాం, నియమాలు రాస్తాం, ప్రశ్న అడుగుతాం. ఫలానా ఆమె ఫలానా ఆయన తల్లి అన్నది నిజం. తల్లికి తోడబుట్టినవాడు మేనమామ అన్నది నియమం. ఇక ఎవరు ఎవరికి మేనమామ అని అడిగితే అదే వెతుక్కుని చెబుతుంది. మనుషుల మాటల్ని విడగొట్టి అర్థం తీయడానికి కూడా ఇట్లాంటి నియమాలు రాయవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఆ నియమాలకు పక్కపక్కనున్న మాటలే కనిపిస్తాయి. దూరంగా ఉన్న రెండు మాటల్ని కలపాలంటే, మొదటి మాటను మధ్యలోని ప్రతి మాట మీదుగా మోసుకుంటూ చివరిదాకా తీసుకుపోవాలి.

మా అమ్మమ్మ చెప్పే పద్ధతి తెలిస్తే అది ఎంత కష్టమో అర్థమవుతుంది. ఆమె "మా ఆడిబిడ్డ లేదా" అని మొదలుపెడుతుంది. అక్కడి నుంచి బాయికి పోతుంది, కరువుకు పోతుంది, ఎద్దుల అంగడికి పోతుంది. పావుగంట తర్వాత "గప్పుడు పాలకుర్తికి ఇచ్చినం" అంటుంది. ఎవరిని ఇచ్చారు? పావుగంట కిందట చెప్పిన మనిషిని. వినేవాళ్ళకు ఇది ఇట్టే తెలిసిపోతుంది గానీ ప్రోగ్రాం ఎద్దును పాలకుర్తికి కోడలిగా పంపిస్తుంది. అందుకని నేను ఆ భాషకు కొత్త గుర్తు ఒకటి చేర్చాను. దానికి ఎడం అని పేరు పెట్టుకున్నాను. నియమంలో రెండు మాటల మధ్య ఆ గుర్తు పెడితే, మధ్యలో ఎంత ఉన్నా, ఏమున్నా దాటేసి ఆ రెండింటినీ ముడివేస్తుంది. ఆ ఒక్క గుర్తు కోసం నాలుగేళ్ళు పట్టింది.

మా గైడ్ సార్‌కు అది నచ్చింది, కానీ ఆయనకు ఏదైనా నచ్చితే ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఎంత దూరమైనా దాటనిస్తే దేన్ని దేనితోనైనా ముడిపెట్టేస్తుంది కదా, కట్టడి ఏమిటని అడిగారు. కట్టడులు చూపించాను. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "దాటేసినదాన్ని ఏం చేస్తారమ్మా?" అన్నారు. ఉన్నదున్నట్టు పక్కన పెడతానన్నాను. పక్కన పెట్టినదాన్ని మళ్ళీ ఎవరు చూస్తారని అడిగారు. నాకు చిరాకేసింది. అందులో చూడటానికి ఏముంది సార్, ఎద్దులూ బాయిలూనే కదా అన్నాను.

అమ్మమ్మ చెప్పింది నా దగ్గర ముందే రికార్డై ఉంది. రెండేళ్ళుగా వెళ్ళినప్పుడల్లా ఫోన్ పక్కన పెట్టి వంశమంతా చెప్పించుకునేదాన్ని. ఇప్పుడు అవతలి వైపు నుంచి కూడా కావాలి. ఆయన వాళ్ళమ్మ చేత చెప్పించి నలభై నిమిషాల రికార్డు పంపాడు. చక్కగా, గుక్క తిప్పుకోకుండా, "మా అమ్మ పుట్టినిల్లు నెల్లికుదురు" అని మొదలుపెట్టిందామె. ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. మా వైపు ఆడవాళ్ళ గొంతులన్నీ అట్లాగే ఉంటాయిలే అనుకుని పనిలో పడ్డాను.

మాటలన్నీ రాతలోకి ఎక్కించడానికి నెల పట్టింది. కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే ల్యాబ్‌లోకి పరుగెత్తేదాన్ని. ఐదు నిమిషాలు టైపు చేస్తే పది నిమిషాలు వరండాలో నడిచేదాన్ని. ఒక్కోసారి ప్రోగ్రాం నాకు నేనే మేనత్తనని చెప్పేది. తిట్టుకుంటూ సరిదిద్దేదాన్ని. ఆయన రోజూ ఫోన్ చేసి ఏమన్నదని అడిగేవాడు. ఇంకా ఏమనలేదు, మీద పడకు అని కసురుకునేదాన్ని. నా తొందర నాకుంటే మధ్యలో ఆయన తొందరను కూడా నేనే మోయాల్సి వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం అడిగాను. మా ఇద్దరి మధ్య ఉన్న దారులన్నీ చూపించమన్నాను. మూడు దారులు వచ్చాయి. ఒకటి అమ్మ చెప్పిందే. రెండోది మరిపెడ మీదుగా, మూడోది ఎవరో ముత్తవ్వ రెండో పెళ్ళి మీదుగా వచ్చాయి. మూడింటిలోనూ బావే. అన్న అనే జవాబు ఉన్నదా అని విడిగా అడిగితే లేదన్నది. ల్యాబ్‌లో ఎవరూ లేరు గనక సరిపోయింది, నేను ఏడ్చేశాను. ఆయనకు ఫోన్ చేసి చెబితే ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆదివారం. జనగామ బస్టాండ్‌లో పాలకుర్తి మీదుగా పోయే తొర్రూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నెల్లికుదురు చేరాను. దారి పొడుగునా అమ్మమ్మతో ఎట్లా వాదించాలో పెదవులు కదిపి చెప్పుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్నామె నన్ను అదోలా చూసింది. అమ్మమ్మ వాకిట్లో బస్తా పట్టా పరుచుకుని మిర్చికి తొడిమెలు తీస్తున్నది. మామ వాళ్ళు చేనుకు పోయారు. నేను కాళ్ళయినా కడుక్కోకుండా ఎదురుగా కూలబడి, మూడు దారులూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. నీ నోటితో నువ్వు చెప్పిందే, అవతల వాళ్ళు చెప్పిందే, నేను కల్పించింది ఒక్క ముక్క లేదు, కావాలంటే విను అని, వాళ్ళమ్మ రికార్డు పెట్టాను.

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమె పని చేస్తూ మాట్లాడగలదు, పని చేస్తూ తిట్టగలదు, పని చేస్తూ నిద్ర కూడా పోగలదు. ఆ చేతులు ఆగడం నేను అదివరకు చూడలేదు. పది నిమిషాలు విన్నాక, "మల్ల మొదటి సంది పెట్టు," అన్నది. పెట్టాను. "మా అమ్మ పుట్టినిల్లు నెల్లికుదురు" అన్నచోట ఆపమని, ఆ ఒక్క ముక్కే మూడోసారి పెట్టించుకున్నది. మిర్చి ఘాటున్న చేతులని కూడా చూసుకోకుండా కళ్ళు తుడుచుకున్నది. నేను లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముఖం కడిగాను. కొంగుతో తుడుస్తుంటే చెప్పింది.

"అది నా బిడ్డ."

నాకు అర్థం కాలేదు. తన ఆడబిడ్డకు పెళ్ళయి పదేళ్ళయినా పిల్లలు లేరట. అమ్మమ్మకు వరసగా ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది ఇంకా పాలు మరవకముందే, తాత తన చెల్లెలికి మాటిచ్చి పెంచుకోమని ఇచ్చేశాడు. ఆ రోజుల్లో అట్లా ఇవ్వడం మా వాళ్ళలో కొత్త కాదు. ఇచ్చిన పిల్లకు ఆ ఇంటి వరుసే వస్తుంది, పాత వరుస ఎత్తకూడదు. మా అమ్మ ఆ తర్వాత పుట్టింది గనక ఆమెకు తెలియదు. తెలిసిన పెద్దమ్మ, అంటే అమ్మమ్మ మొదటి కూతురు, చిన్నతనంలోనే జ్వరంతో పోయింది. మామ అందరికంటే చిన్నవాడు. తెలిసిన మిగతా వాళ్ళంతా కాలం చేశారు.

ఇచ్చేసిన ఆ పిల్ల ఐదేళ్ళప్పుడు ఒకసారి ఆడబిడ్డ వెంట నెల్లికుదురు వచ్చిందట. ఇదే వాకిట్లో ఆడుకుంటూ బోర్లా పడి మోకాలు చెక్కుకుపోతే, ఏడుస్తూ లేచి అమ్మా అని పరుగెత్తింది. అమ్మమ్మ చేతులు చాపింది. పిల్ల ఆమెను దాటిపోయి ఆడబిడ్డ కొంగు పట్టుకున్నది.

"ఇగ నేను సూడలేననుకున్న. గట్టు పంచాయితి నేనే పెట్టిన బిడ్డా. గట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మాటలు బందయితె వాళ్ళు రారు, రాకుంటె నాకు సూసే గతి తప్పుతదని."

ఆ మాటతో నాకు తెల్లకోడె గుర్తొచ్చింది. నా దగ్గరున్న రికార్డుల్లో, ఏడు సార్లకు ఏడు సార్లూ, ఆడబిడ్డ దగ్గరికి రాగానే అమ్మమ్మ కథ పక్కకు తప్పేది. ఆ యేడు మా తెల్లకోడె చచ్చిపోయింది, నేను మూడొద్దులు అన్నం ముట్టలే, పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోయేది అని చెప్పేది. ఆ తర్వాత "దాని బిడ్డను పరకాల దిక్కు ఇచ్చిన్రు" అని మళ్ళీ దారిలోకి వచ్చేది. ఎద్దు చస్తే మూడొద్దులు పస్తున్న మనిషని ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లు ఆట పట్టించామో. ఎద్దు చచ్చిపోతే ఎవరికైనా పాలు చేపుకొస్తాయా? ఏడుసార్లు విన్నాను, నా చేతులతో టైపు చేశాను. నా ప్రోగ్రాం దాన్ని ఏడుసార్లూ శుభ్రంగా దాటేసింది. నాలుగేళ్ళు కష్టపడి దానికి నేను నేర్పిన విద్య అదే.

ఆమె మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ; పెద్దమ్మ కొడుకంటే సొంత అన్నే. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, ఈ మాట నీ నోట్లోంచి బయటికి రావద్దన్నది. ఆ పిల్ల తన తల్లి ఎవరనుకుని బతికిందో ఆమె బిడ్డగానే బతకనివ్వమన్నది. నేను ఒట్టేశాను. ఒట్టేసేటప్పుడు నాకు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉన్నది. ఆ కోపం ఆమె మీదో, తాత మీదో, ఎవరి మీదో తెలియదు. తొర్రూరులో బస్సు కోసం నిలబడలేక ఊరి చివరిదాకా రెండుసార్లు నడిచి వచ్చాను.

ఆయనకు కుదరదని చెప్పాను. బావ అని వచ్చిందన్నావు కదా అన్నాడు. వచ్చిందన్నాను. మరి ఎందుకు కుదరదన్నాడు. కుదరదంతే అన్నాను. నీకు ఇష్టం లేక ముసలామె మీద పెడుతున్నావా అని కూడా అన్నాడు. అవుననుకొమ్మన్నాను. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. అమ్మ చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ప్రోగ్రాంలో ఒక నిజం చేరిస్తే జవాబు మారుతుంది. చేర్చలేదు. నా థీసిస్‌లో ఇప్పటికీ ఆ ఉదాహరణ లేదు, దాని బదులు వేరే కుటుంబం పెట్టాను. కానీ ఎడంలో పక్కన పెట్టినదాన్ని చివర్లో మళ్ళీ చూపించే నియమం ఒకటి రాశాను. సార్ చూసి, ఇప్పుడు పూర్తయిందన్నారు.

నేను నెల్లికుదురు వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ ఎవరూ లేని సమయం చూసి, "పెట్టు," అనేది. పెట్టేదాన్ని. ఫోన్ చెవికి ఆనించుకుని నలభై నిమిషాలూ వినేది. ఆ నలభై నిమిషాలు నేను కూడా కదలకుండా కూర్చునేదాన్ని.

పోయిన వానాకాలం అమ్మమ్మ పోయింది. ఇందులో ఎవరి పేరూ రాయలేదు, ఊళ్ళ పేర్లు కూడా కొన్ని మార్చాను. ఆమెకు ఇచ్చిన మాటలో నేను నిలుపుకోగలిగింది అంతవరకే. ఆ పొద్దున ఎవరెవరికి కబురు చేయాలో మామ లెక్కేస్తుంటే నేను పక్కకు వెళ్ళి, ఏడాదిగా తీయని నంబరు తీశాను. అటు నుంచి ఆయన ఎత్తాడు.

"అన్నా," అన్నాను. "మా అమ్మమ్మ పోయింది. మీ అమ్మను తీస్కరా."

"వస్తున్నం," అన్నాడు.

మధ్యాహ్నానికి వచ్చారు. ఆయన మగవాళ్ళతో పాటు గేటు దగ్గర ఆగిపోయాడు. ఆమె లోపలికి వచ్చి ఆడవాళ్ళ వెనక నిలబడింది. మేనకోడలిగా తన చోటు అదే అనుకున్నది. వాకిట్లో అమ్మమ్మకు స్నానం చేయిస్తున్నారు. మా అమ్మ "అమ్మా" అని ఏడుస్తూ మొదటి చెంబు పోసింది. నేను రెండో చెంబు ముంచి, అందరినీ తప్పించుకుని వెనక్కి వెళ్ళి ఆమె చేతికిచ్చాను.

"నేనా? బిడ్డలు గద పొయ్యాలె," అన్నదామె వెనక్కి జరుగుతూ.

"పొయ్యి పెద్దమ్మా," అన్నాను.

వయసులో పెద్దామెను ఎవరైనా అట్లా పిలుస్తారు గనక ఎవరూ నావైపు చూడలేదు. ఆమె ముందుకు వచ్చి అమ్మ పక్కన కూర్చున్నది. అమ్మమ్మ నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వి, "అత్తా" అని ఏడుస్తూ నీళ్ళు పోసింది.